ఎన్నికల్లో ఓడారు.. లెక్కల్లో నిలిచారు! కంప్యూటర్ చూడకుండానే కంప్యూటర్లకు దారి చూపిన విల్‌ఫ్రెడో పరేటో కథ

కొత్త ఫోన్ కొనాలి. బ్యాటరీ రెండు రోజులు రావాలి. ఫోన్ మాత్రం పలుచగా ఉండాలి. కెమెరా అదిరిపోవాలి. ధర చూస్తే జేబుకు భారం కాకూడదు. షాపులో అరగంట తిరిగితే చాలు.. ఇవన్నీ ఒకే ఫోన్‌లో దొరకవని ఎవరికైనా అర్థమైపోతుంది. బ్యాటరీ పెంచితే బరువు పెరుగుతుంది. ధర తగ్గితే కెమెరా తగ్గుతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి కొంచెం వదులుకోవాల్సిందే.

ఈ చిక్కు ఫోన్ కొనేవాళ్లకే పరిమితం కాదు. వంతెన కట్టే ఇంజినీర్‌కు ఉంది, డ్యామ్ గేట్లు ఎప్పుడు ఎత్తాలో తేల్చే అధికారికి ఉంది, ఫ్యాక్టరీలో ఏ పని ముందు, ఏ పని తర్వాత అని షెడ్యూల్ వేసే మేనేజర్‌కూ ఉంది. ఇవాళ ఇలాంటి లెక్కలన్నీ కంప్యూటర్లు చేస్తున్నాయి. ఆ లెక్క పూర్తయ్యాక తెరపై కనిపించే గీతకు ఓ పేరుంది.. పరేటో ఫ్రంట్.

ఇంతకీ ఎవరీ పరేటో? ఆయన కంప్యూటర్ శాస్త్రవేత్త కాదు. అసలు కంప్యూటర్‌ను చూడనే లేదు. 1923లోనే కన్నుమూశారు. రైల్వేలో పనిచేశారు, ఇనుప కర్మాగారం నడిపారు, ఎన్నికల్లో ఓడిపోయారు, 44 ఏళ్ల వయసులో ప్రొఫెసర్ అయ్యారు. చాలామందికి ఆయన పేరు 80-20 సూత్రంతోనే తెలుసు. కానీ ఆ సూత్రం అలా ఆయన చెప్పింది కాదు! మరి ఆయన నిజంగా చెప్పిందేంటి? ఇవాళ అది ఎందుకు పనికొస్తోంది? ఈ స్టోరీలో చూద్దాం.

ప్యారిస్‌లో పుట్టిన ఇటాలియన్

1848 జులై 15న ప్యారిస్‌లో పుట్టారు పరేటో. తండ్రి రాఫేల్ పరేటో ఇటలీలోని జెనోవాకు చెందిన కులీన కుటుంబీకుడు, వృత్తిరీత్యా సివిల్ ఇంజినీర్. రాజకీయ కారణాలతో సొంతూరు వదిలి ఫ్రాన్స్ చేరారని చెబుతారు. తల్లి మేరీ మెటెనియే ఫ్రెంచ్ మహిళ. అది యూరప్ మొత్తం విప్లవాలతో ఊగిపోతున్న ఏడాది. జర్మనీలో తిరుగుబాటుపై అభిమానంతో కొడుక్కి ఫ్రిట్జ్ విల్‌ఫ్రీడ్ అని జర్మన్ పేరు పెట్టారు. ఇటలీ తిరిగొచ్చాక అదే విల్‌ఫ్రెడో అయ్యింది. ఫ్రెంచ్, ఇటాలియన్.. రెండూ ఆయనకు ఇంటి భాషలే.

1850వ దశకంలో కుటుంబం ఇటలీకి వచ్చేసింది. విల్‌ఫ్రెడో తండ్రి బాటలోనే నడిచారు. ట్యూరిన్‌లో గణితం, ఆ తర్వాత ఇంజినీరింగ్ చదివారు. 1870లో పట్టా చేతికొచ్చింది. థీసిస్ విషయం ఏంటో తెలుసా? ఘన పదార్థాల్లో సమతుల్యత. అంటే ఓ ఇనుప దూలంపై బరువు పడితే లోపల బలాలు ఒకదాన్నొకటి ఎలా సరితూగించుకుంటాయి అన్నది. ఆ సమతుల్యత అనే మాట ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ముందు ఇనుములో వెతికారు. తర్వాత మార్కెట్‌లో వెతికారు. చివరికి సమాజంలో వెతికారు.

రైలు పట్టాల నుంచి ఇనుప కొలిమికి

చదువు అవగానే ఫ్లోరెన్స్‌లో రైల్వే కంపెనీలో ఇంజినీర్‌గా చేరారు. కొన్నేళ్లకే ఇనుము తయారుచేసే కంపెనీకి మారారు. ఫ్లోరెన్స్‌కు దగ్గర్లోని సాన్ జొవాన్ని వాల్డార్నోలో కర్మాగారం. అక్కడ ఎదిగి ఎదిగి కంపెనీ డైరెక్టర్ జనరల్ స్థాయికి చేరారు.

దాదాపు 20 ఏళ్లు ఇదే లోకం. బొగ్గు ధర, ఇనుము ధర, కూలీల జీతాలు, సర్కారు వేసే సుంకాలు.. వీటి మధ్యే రోజు గడిచేది. ఓవైపు ఖర్చు తగ్గాలి. ఇంకోవైపు సరుకు గట్టిగా ఉండాలి. ఓ మేనేజర్‌కు రోజూ ఎదురయ్యే బేరం ఇదే. తర్వాత ఆయన రాసిన ఆర్థికశాస్త్రం పుస్తకాల వాసన కన్నా ఫ్యాక్టరీ పొగ ఎక్కువ పీల్చిన మనిషి రాసింది.

ఆ రోజుల్లో ఇటలీ ప్రభుత్వం విదేశీ సరుకుపై సుంకాలు పెంచుతూ పోయింది. పరేటో మాత్రం స్వేచ్ఛా వాణిజ్యం వైపు. సుంకాల వల్ల కొద్దిమంది పరిశ్రమాధిపతులు బాగుపడతారు, ఆ భారం మాత్రం దేశమంతా మోయాలి అన్నది ఆయన వాదన. ఈ మాట చెప్పడానికే ఎన్నికల బరిలోకి దిగారు. 1882లో పిస్తోయా నుంచి పార్లమెంటుకు పోటీ చేశారు. ఓడిపోయారు.

ఓటమి తర్వాత కలం పట్టారు

పార్లమెంటు తలుపు మూసుకుంది. దాంతో పత్రికల తలుపు తట్టారు. 1889లో రష్యన్ మూలాలున్న అలెస్సాండ్రినా బకునినాను పెళ్లాడారు. ఫ్లోరెన్స్ పక్కనే కొండమీదున్న ఫియెసోలెలో కాపురం పెట్టారు. కంపెనీ కొలువు వదిలేశారు. ఇక రాతే పని. నాలుగైదేళ్లలో వందకు పైగా వ్యాసాలు రాశారు. సుంకాలపై, సైనిక ఖర్చుపై, అవినీతిపై.. సర్కారును వదిలిపెట్టలేదు.

సరిగ్గా అప్పుడే ఓ స్నేహం ఆయన దారి మార్చేసింది. ఆ మిత్రుడు ఆర్థికవేత్త మాఫియో పాంటలియోని. స్విట్జర్లాండ్‌లోని లౌజాన్‌లో లియోన్ వాల్రాస్ అనే ప్రొఫెసర్ ఉన్నారని, మార్కెట్ మొత్తాన్ని సమీకరణాలతో రాసేస్తున్నారని చెప్పి ఆ పుస్తకాలు చదవమన్నారు. పరేటో చదివారు. చదవగానే అది తనకు తెలిసిన లెక్కే అనిపించింది. వందల ధరలు, వందల సరుకులు, అన్నీ ఒకదాన్నొకటి లాగుతూ చివరికి ఓ చోట నిలబడటం.. దూలంలో బలాలు నిలబడినట్టే కదా!

వాల్రాస్ ఆరోగ్యం బాగోలేక రిటైర్ అయ్యారు. 1893లో ఆ కుర్చీ పరేటోకు దక్కింది. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. చాలామంది ఇక చాలు అనుకునే వయసులో ఆయన కొత్తగా క్లాసులు చెప్పడం మొదలుపెట్టారు.

80-20.. అసలు కథ ఇదీ

లౌజాన్‌లో ఆయన మొదటి పెద్ద పుస్తకం ఆర్థికశాస్త్ర పాఠాలు. 1896-97లో రెండు సంపుటాలుగా వచ్చింది. అందులోనే ఓ వింత బయటపెట్టారు. ఇంగ్లండ్, ప్రష్యా, సాక్సనీ, కొన్ని ఇటలీ పట్టణాలు.. ఇలా వేర్వేరు చోట్ల నుంచి పన్నుల లెక్కలు సేకరించారు. ఏ ఆదాయానికి పైన ఎంతమంది ఉన్నారో లాగరిథమ్ స్కేలుపై చుక్కలు పెట్టారు. ప్రతిచోటా చుక్కలు దాదాపు ఒకే వాలుతో సరళరేఖలా వచ్చాయి. దేశం వేరు, పాలన వేరు.. కానీ పైస్థాయిలో సంపద పంచుకున్న తీరు మాత్రం ఒక్కటే.

ఇందులో 80 అనే అంకెను, 20 అనే అంకెను ఆయన సూత్రంగా ప్రకటించలేదు. ఆ పేరు పెట్టింది అమెరికాలో నాణ్యతా నిపుణుడు జోసెఫ్ జురాన్, అదీ పరేటో పోయాక చాలా ఏళ్లకు. ఫ్యాక్టరీలో ఎక్కువ లోపాలకు కొన్ని కారణాలే మూలం అని చెబుతూ పరేటో పేరు తగిలించారు. ఆ ఘనతను పరేటోకు అంటగట్టడం తన పొరపాటేనని 1970వ దశకంలో జురానే ఒప్పుకున్నారు. కానీ అప్పటికే పేరు ప్రపంచమంతా పాకిపోయింది.

1906.. అసలు ఆలోచన ఇక్కడే

కంప్యూటర్ల దాకా వచ్చిన ఆలోచన మాత్రం వేరే పుస్తకంలో ఉంది. 1906లో ఇటాలియన్‌లో వచ్చిన ఆర్థికశాస్త్ర మాన్యువల్ అది. 1909లో ఫ్రెంచ్‌లో, మరింత గణితంతో మళ్లీ వచ్చింది.

అప్పట్లో కొందరు ఆర్థికవేత్తలు జనం సుఖాన్ని అంకెల్లా కూడేయొచ్చు అనుకునేవారు. రామయ్యకు 10 మార్కుల సుఖం, సోమయ్యకు 6 మార్కుల సుఖం.. మొత్తం 16. ఈ మొత్తం పెరిగితే సమాజం బాగుపడినట్టే అన్న లెక్క. పరేటో దీన్ని ఒప్పుకోలేదు. ఓ మనిషి తనకు ఇది కన్నా అది ఎక్కువ ఇష్టం అని చెప్పగలడు. అంతవరకే. ఒకరి సుఖాన్ని ఇంకొకరి సుఖంతో కూడటానికి కొలబద్ద ఎక్కడుంది? కిలోలను కిలోమీటర్లతో కూడినట్టే అవుతుంది.

మరి కూడకుండా పోల్చడం ఎలా? ఆయన చూపిన దారి సింపుల్. ఎవరికీ నష్టం లేకుండా కనీసం ఒకరికి మేలు చేసే మార్పు ఇంకా మిగిలి ఉందా? ఉంటే ఆ పని చేయొచ్చు. అలాంటి మార్పు ఒక్కటి కూడా మిగల్లేదంటే అదే హద్దు. ఆ తర్వాత ఒకరికి పెంచాలంటే ఇంకొకరి దగ్గర తగ్గించాల్సిందే. ఈ దారిలో అంతకుముందే 1881లో ఇంగ్లండ్‌లో ఎడ్జ్‌వర్త్ కొంత నడిచారు. దాన్ని స్పష్టంగా చెప్పి నిలబెట్టింది మాత్రం పరేటో. తర్వాతి తరం ఆర్థికవేత్తలు దానికి పరేటో ఆప్టిమమ్ అని పేరు పెట్టారు.

ఇదే మాటను దూలంతో చూద్దాం. ఉదాహరణకు మూడు డిజైన్లున్నాయి అనుకోండి. మొదటిది 10 టన్నుల ఇనుము తింటుంది, బరువు పడితే 5 మిల్లీమీటర్లు వంగుతుంది. రెండోది 8 టన్నులు, 7 మిల్లీమీటర్ల వంపు. మూడోది 11 టన్నులు, 6 మిల్లీమీటర్ల వంపు. మూడోదాన్ని చూడక్కర్లేదు, పక్కన పడేయొచ్చు. ఎందుకంటే మొదటిది దానికన్నా తేలిక, పైగా తక్కువ వంగుతుంది. కానీ మొదటి రెండింట్లో ఏది మేలు? లెక్క చెప్పలేదు. ఒకటి గట్టిది, ఇంకోటి చవక. ఇలా దేనికీ పూర్తిగా ఓడిపోని డిజైన్లన్నీ కలిపితే వచ్చే గీతే పరేటో ఫ్రంట్.

పిల్లులు, కోర్టులు, ఒంటరితనం

పుస్తకాల్లో సమతుల్యత వెతికిన మనిషి ఇంట్లో మాత్రం అది కరువైంది. 1898లో బాబాయి ఆస్తి కలిసొచ్చింది. డబ్బుకు లోటు లేదు. అదే ఏడాది మిలాన్‌లో అల్లర్లను ఇటలీ ప్రభుత్వం ఉక్కుపాదంతో అణచివేసింది. తప్పించుకొచ్చిన సోషలిస్టులకు పరేటో స్విట్జర్లాండ్‌లో ఆశ్రయమిచ్చారు. సోషలిజం సిద్ధాంతాన్ని ఆయన నమ్మలేదు. 1902-03లో దాన్ని విమర్శిస్తూ రెండు సంపుటాల పుస్తకమే రాశారు. అయినా ఆ మనుషులకు తలుపు మాత్రం తెరిచే ఉంచారు.

తర్వాత జెనీవా సరస్సు ఒడ్డున సెలిన్యీ అనే పల్లెకు మకాం మార్చారు. ఇంటి నిండా అంగోరా జాతి పిల్లులు. ఇంటి పేరే విల్లా అంగోరా అయ్యింది. 1901లో భార్య ఇంటి వంటమనిషితో కలిసి వెళ్లిపోయారు. అప్పటి ఇటలీ చట్టంలో విడాకులు లేవు. తర్వాత తోడుగా వచ్చిన జాన్ రెజీస్‌తో ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి లేకుండానే కలిసి బతకాల్సి వచ్చింది. చివరికి ఫియూమె అనే చిన్న స్వతంత్ర నగరంలో పౌరసత్వం తీసుకున్నారు. అక్కడి చట్టం విడాకులకు ఒప్పుకుంటుంది మరి! అలా 1923లో, చనిపోవడానికి కొద్ది వారాల ముందు జాన్‌ను పెళ్లి చేసుకున్నారు.

నక్కలు.. సింహాలు

గుండె జబ్బు ముదిరింది. క్లాసులు తగ్గించేశారు. సెలిన్యీ ఇంట్లో కూర్చుని గ్రీకు, రోమన్ చరిత్ర నుంచి తన కాలం పత్రికల దాకా తిరగేశారు. ఎందుకో తెలుసా? జీవితమంతా మనుషులు లాభనష్టాలు చూసుకుని నడుస్తారని లెక్కలు కట్టారు. సుంకాలు నష్టమని రుజువు చేసి చూపినా ఎవరూ వినలేదు. అంటే మనుషుల్ని నడిపేది లెక్క ఒక్కటే కాదన్నమాట. ఆ ప్రశ్న నుంచి పుట్టిందే 1916లో వచ్చిన సామాన్య సమాజశాస్త్ర గ్రంథం.

అందులో మనుషుల లోపలి ప్రేరణల్ని ఆయన ఆరు తరగతులు చేశారు. మొదటి రెండే కీలకం. ఒకటి, వేర్వేరు వాటిని కలిపి కొత్తది ప్రయత్నించే గుణం. రెండోది, ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుని కాపాడుకునే గుణం. మొదటి గుణం ఎక్కువున్న పాలకుల్ని నక్కలన్నారు, రెండోది ఎక్కువున్న వాళ్లను సింహాలన్నారు. మాకియవెల్లి నుంచి తీసుకున్న పోలిక ఇది. ఏదో ఒకటే మిగిలిన పాలకవర్గం నిలబడదు. కింద నుంచి సత్తా ఉన్నవాళ్లను లోపలికి రానివ్వకపోతే పైనున్న ఎలీట్ కూలిపోతుంది. చరిత్ర అలాంటి ఎలీట్లకు శ్మశానం అన్నది ఆయన అభిప్రాయం.

ఈ నక్కల్ని, సింహాల్ని గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో మళ్లీ వస్తాయి.

1922 అక్టోబరులో ముస్సోలినీ అధికారంలోకి వచ్చాడు. ముసలి ప్రొఫెసర్‌ను సెనేటర్‌గా ప్రతిపాదించాడు. మొదట్లో పరేటో ఆ ప్రభుత్వాన్ని కొంత సానుభూతితోనే చూశారు. ఈ మచ్చ ఆయన పేరుకు అంటుకునే ఉంది. అదే సమయంలో పత్రికల స్వేచ్ఛ, బోధనా స్వేచ్ఛ జోలికి పోవద్దని చివరి రాతల్లో హెచ్చరించారు. ఆ హెచ్చరికను ఎవరు విన్నారో తర్వాత చరిత్ర చెప్పింది. 1923 ఆగస్టు 19న సెలిన్యీలోనే పరేటో కన్నుమూశారు. 75 ఏళ్లు.

ఆయన పోయాక 60 ఏళ్లకు..

1960, 70లలో కొందరు పరిశోధకులకు ఓ ఆలోచన వచ్చింది. ప్రకృతి లక్షల ఏళ్లుగా చేస్తున్న పనినే కంప్యూటర్‌తో చేయిస్తే? బెర్లిన్‌లో రెచెన్‌బర్గ్, ష్వెఫెల్.. అమెరికాలో జాన్ హాలండ్ ఈ దారి తెరిచారు. ఓ వంద డిజైన్లు తీసుకోవాలి. మంచివి ఎంచి జత కలపాలి. పిల్ల డిజైన్లలో చిన్న చిన్న మార్పులు చేయాలి. నాసిరకం వాటిని వదిలేయాలి. తరం తర్వాత తరం ఇలా సాగించాలి. ఇవే ఎవల్యూషనరీ అల్గారిథమ్స్.

కానీ మంచిది అంటే ఏంటి? లక్ష్యం ఒక్కటే ఉంటే సమస్య లేదు. రెండు ఉంటే? 1985లో డేవిడ్ షాఫర్ ఓ ప్రయత్నం చేశారు. సగం మందిని ఒక లక్ష్యంపై, సగం మందిని ఇంకో లక్ష్యంపై ఎంచారు. ఫలితం? చాలా తేలికైనవి మిగిలాయి, చాలా గట్టివి మిగిలాయి. మధ్యలో ఉన్న మంచి రాజీలు తుడిచిపెట్టుకుపోయాయి.

ఇక్కడే పరేటో వచ్చారు. 1989లో డేవిడ్ గోల్డ్‌బర్గ్ తన పుస్తకంలో పరిష్కారం సూచించారు. ఎవరి చేతా ఓడిపోని డిజైన్లకు మొదటి ర్యాంకు ఇవ్వండి, వాటిని పక్కనపెట్టి మిగిలిన వాటిలో ఓడనివాటికి రెండో ర్యాంకు.. ఇలా చేయమన్నారు. అంటే కూడకుండా పోల్చే పరేటో కొలబద్దే! ఈ ఆలోచనను అందరికీ పనికొచ్చే పద్ధతిగా మలచిన వాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. ఐఐటీ కాన్పూర్‌లో ఎన్. శ్రీనివాస్, కల్యాణ్‌మయ్ దేబ్ 1994లో ఎన్‌ఎస్‌జీఏ అనే పద్ధతిని ప్రచురించారు. 2002లో దేబ్ బృందం దాన్ని ఇంకా వేగంగా చేసి ఎన్‌ఎస్‌జీఏ-2 ఇచ్చింది. ఈ రంగంలో ఎక్కువగా వాడే పద్ధతుల్లో అదొకటి. తల్లి తరంలోని మంచివాటిని పోనివ్వకుండా కాపాడుకోవడం దాని బలం. ఆ గుణానికి ఈ రంగంలో ఉన్న పేరు ఎలీటిజం!

ఒక్క పద్ధతి చాలదు.. నక్క కావాలి, సింహమూ కావాలి

అయినా చిక్కు తీరిపోలేదు. ఓ సమస్యలో బాగా పనిచేసిన పద్ధతి ఇంకో సమస్యలో చతికిలపడేది. దీనికి 1997లో వోల్పర్ట్, మాక్‌రెడీ గణితంతోనే కారణం చూపించారు. సమస్యలన్నింటినీ కలిపి సగటు తీస్తే ఏ వెతుకులాట పద్ధతీ మరోదానికన్నా గొప్పది కాదు. మరి దారేంటి? పద్ధతుల్ని కలపడమే!

వెతకడానికి వాడే ఉపాయాన్ని హ్యూరిస్టిక్ అంటారు. కచ్చితంగా దొరుకుతుందన్న గ్యారంటీ ఉండదు, కానీ చాలాసార్లు పని జరిపిస్తుంది. ఒక్కో ఉపాయానిది ఒక్కో తీరు. జన్యు పద్ధతి దూరదూరాల్లోని డిజైన్లను జతకలిపి కొత్త చోట్లు చూస్తుంది. లోకల్ సెర్చ్ అనేది ఉన్నచోటే చుట్టుపక్కల తడిమి, ఉన్నదాన్ని మెరుగు పెడుతుంది. మొదటిది ఒక్కటే ఉంటే ఊరంతా తిరుగుతుంది కానీ ఏ ఇంటి తలుపూ సరిగ్గా తట్టదు. రెండోది ఒక్కటే ఉంటే మొదట కనిపించిన గుట్టనే కొండ అనుకుని ఆగిపోతుంది.

ఈ రెండింటినీ కలిపిన పద్ధతులకు 1989లో పాబ్లో మొస్కాటో మెమెటిక్ అల్గారిథమ్స్ అని పేరు పెట్టారు. జపాన్‌లో ఇషిబుచి, మురాటా దీన్ని చాలా లక్ష్యాలున్న సమస్యలకు తెచ్చారు. 1998లో వచ్చిన వాళ్ల పరిశోధన ఫ్యాక్టరీ షెడ్యూల్ పైనే. అక్కడ ఎదురైన చిక్కు ఇది.. మెరుగు పెట్టమంటే ఏ వైపుకు? త్వరగా పూర్తి కావడం వైపా, ఆలస్యాలు తగ్గించడం వైపా? వాళ్లు ప్రతిసారీ లక్ష్యాలకు యాదృచ్ఛికంగా వేర్వేరు ప్రాధాన్యాలు ఇచ్చారు. ఒకసారి ఒక వైపు, ఇంకోసారి ఇంకో వైపు. దాంతో ఫ్రంట్ అంతా విస్తరించింది. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. మెరుగు పెట్టడంలోనే టైమంతా తినేయకుండా, పక్కనున్న అన్నింటినీ కాకుండా కొన్నింటినే చూడమని హద్దు పెట్టారు.

2007లో వ్రుగ్ట్, రాబిన్సన్ ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్ల పద్ధతి పేరు అమాల్గమ్. నాలుగు వేర్వేరు పద్ధతుల్ని ఒకేచోట పనికి దింపారు. ఎన్‌ఎస్‌జీఏ-2, పక్షుల గుంపు కదలికల్ని పోలిన పద్ధతి, డిఫరెన్షియల్ ఎవల్యూషన్, గణాంక శాస్త్రం నుంచి వచ్చిన ఇంకో పద్ధతి. నాలుగూ పిల్ల డిజైన్లు తయారుచేస్తాయి. అన్నింటినీ కలిపి పరేటో ర్యాంకు వేస్తారు. నిలిచినవాటిలో ఎవరి పిల్లలు ఎక్కువో చూసి, తర్వాతి తరంలో ఆ పద్ధతికి ఎక్కువ వాటా ఇస్తారు.

ఇక్కడే అసలు మెలిక. వెనకబడిన పద్ధతిని పూర్తిగా ఇంటికి పంపరు. కొద్దిపాటి వాటా ఎప్పుడూ ఉంచుతారు. ఎందుకంటే మొదట్లో దూసుకెళ్లిన పద్ధతి చివర్లో చతికిలపడొచ్చు, అప్పటిదాకా వెనకున్నదే పని పూర్తి చేయొచ్చు. గెలిచినవాడికే అంతా ఇచ్చేస్తే, వాడు ఆగిపోయిన చోటే అందరూ ఆగిపోతారు.

ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? కలిపి కొత్తది ప్రయత్నించే నక్క, ఉన్నదాన్ని కాపాడే సింహం, కొత్తవాళ్లకు తలుపు మూస్తే కూలిపోయే ఎలీట్. ఈ అల్గారిథమ్స్ రాసిన వాళ్లు పరేటో సమాజశాస్త్రాన్ని చదివి రాశారని కాదు. వాళ్లు ఆయన నుంచి తీసుకున్నది ఆర్థికశాస్త్రంలోని కొలబద్ద మాత్రమే. కానీ వేర్వేరు దారుల్లో నడిచి ఒకే చోటుకు చేరారు.

కంప్యూటర్ చెప్పని మాట

అంతా బాగుంది. మరి ఇందులో మోసపోయే చోటు ఎక్కడ? పరేటో ఆప్టిమమ్ అంటే అందరికీ మంచిది అనుకోవడమే.

వంద రూపాయలు ఇద్దరికి పంచాలి. ఒకరికి 99, ఇంకొకరికి 1 ఇచ్చారు. ఇది కూడా పరేటో లెక్కలో హద్దు మీదున్నదే! రెండోవాడికి ఇంకో రూపాయి ఇవ్వాలంటే మొదటివాడి దగ్గర తీసుకోవాలి కాబట్టి. చెరో 50 పంచినా అదీ హద్దు మీదే. రెండింట్లో ఏది న్యాయం? ఆ కొలబద్ద నోరు విప్పదు. కొందరు విలాసాల్లో తేలుతూ, ఇంకొందరు పస్తులున్నా ఆ సమాజం పరేటో ఆప్టిమమ్ కావొచ్చని అమర్త్య సేన్ 1970లో వచ్చిన తన పుస్తకంలో ఎత్తిచూపారు. ఆ కొలబద్దకు అంతకుమించి చెప్పే శక్తి లేదు. మనిషికీ మనిషికీ మధ్య సుఖాన్ని తూకం వేయలేమని పరేటోనే అన్నారు కదా.

కంప్యూటర్ విషయంలోనూ అంతే. నాలుగు పద్ధతులు కలిసి వెతికినా, నలభై కలిసి వెతికినా చివరికి చేతికిచ్చేది ఓ గీత. డ్యామ్ విషయమే తీసుకోండి. గీత ఓ చివర కరెంటు ఎక్కువ, కింద పొలాలకు నీళ్లు తక్కువ. ఇంకో చివర నీళ్లు ఎక్కువ, కరెంటు తక్కువ. ఏ చుక్క దగ్గర వేలు పెట్టాలో మనిషే తేల్చాలి. లెక్క ఇలా చెప్పింది, మేమేం చేస్తాం అని ఎవరైనా అన్నారంటే ఓ ప్రశ్న అడగాల్సిందే.. లెక్క చూపిన చుక్కల్లో ఈ చుక్కనే ఎంచింది ఎవరు? మిగతావి మాకు ఎందుకు చూపించలేదు?

పరేటో ఇచ్చిన అసలు మేలు ఇదే. పనికిరాని వాటిని వాదన లేకుండా పక్కకు తీసేయొచ్చు. మిగిలిన వాటిపైనే నిజమైన వాదన జరగాలి. ఈసారి షాపులో రెండు ఫోన్లు చేతిలో పట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోతే కంగారు పడకండి. మూడోది ఇప్పటికే పక్కన పెట్టేశారు. ఈ రెండింట్లో ఏది అన్నది మాత్రం మీ ఇష్టం, మీ అవసరం.